తోడు వెళ్లే మనిషి కావాలి: నగరంలో ఉన్న ఆదివాసులకు మానసిక వైద్యం అందేలా చూడటం ఎలా

ఉట్నూరు వైపు నుంచి హైదరాబాద్‌కి కోచింగ్‌కని వచ్చిన ఒక కుర్రాడు పది రోజులుగా గది దాటి బయటికి రావట్లేదు. వార్డెన్ మీకు ఫోన్ చేశాడు. ఊళ్లో అమ్మానాన్నలేమో "గాలి సోకినట్టుంది, బస్సెక్కించండి, ఇక్కడ చూపించుకుంటాం" అంటున్నారు. ఆసుపత్రిలో డాక్టర్ అడ్మిట్ చేయమంటున్నాడు. కుర్రాడు ఏ మాటకూ జవాబివ్వడు. ఈ నలుగురి మధ్యలో మీరు నిలబడి ఉన్నారు.

మీరు ఎన్జీవోలో పనిచేస్తూ ఉండొచ్చు, హాస్టల్ చూసుకుంటూ ఉండొచ్చు, విద్యార్థి సంఘంలో ఉండొచ్చు, లేదా ఆ కుర్రాడి పక్క ఊరివాళ్లు కావడం వల్లే ఈ పని మీ నెత్తిన పడి ఉండొచ్చు. ఎలా పడినా, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మాది మైదాన ప్రాంతం. గోండి నాకు నలభై మాటలకు మించి రాదు. కాబట్టి ఇందులో చాలావరకు తప్పు చేశాక తెలుసుకున్నవే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్టీలు 10.43 కోట్ల మంది. వాళ్లలో నూటికి పది మంది అప్పటికే పట్టణాల్లో ఉన్నారు, అంటే కోటి మందికి పైనే. అయినా "ఆదివాసీ ఆరోగ్యం" అనగానే మనకు అడవి, కొండ, డోలీ మోత గుర్తొస్తాయి తప్ప అశోక్‌నగర్‌లో అద్దె గదో, మియాపూర్‌లో కట్టే బిల్డింగ్ పక్కన రేకుల షెడ్డో గుర్తు రావు.

నగరంలో సేవలు అసలు లేవని కాదు. ఆసుపత్రి ఉంది, ఉచిత ఫోన్ నంబర్ ఉంది. ఊళ్లో నమ్మకమున్న పెద్దమనిషి ఉన్నాడు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లే దారిలోనే మనిషి తప్పిపోతున్నాడు. ఓపీ చీటీ రాయించుకున్నాక ఏ గదికి వెళ్లాలో తెలియక తిరిగొచ్చేసినవాళ్లను నేను చూశాను. సమన్వయం అనే పెద్ద మాటకు నా దృష్టిలో అర్థం ఒక్కటే: ఆ దారంతా తోడు నడిచే మనిషిని ఏర్పాటు చేయడం.

ముందు అత్యవసరం సంగతి

మిగతాదంతా తర్వాత చదవొచ్చు, ఇది మాత్రం ఇప్పుడే చదవండి. చనిపోవాలని అంటున్నా, ఆ ప్రయత్నం చేసినా మనిషిని ఒంటరిగా వదలొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్నది అపోహ. ఊళ్లో ఉన్న మనిషైతే, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ రోజే వేరే ఇంటికి మార్పించండి. ప్రాణం మీదికొస్తే 108. మాట్లాడించడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. గోండి, కోయ, సవర వచ్చిన మనిషి అటువైపు ఉంటారని మాత్రం అనుకోకండి. అందుకే ఫోన్ చేసేటప్పుడు మీరో, భాష తెలిసిన ఇంకొకరో పక్కన కూర్చోండి.

ఇంకో రెండు సందర్భాల్లో మానసిక వైద్యుడి దగ్గరికి కాదు, సరాసరి క్యాజువాలిటీకే తీసుకెళ్లాలి. ఏజెన్సీ నుంచి ఈమధ్యే తిరిగొచ్చిన మనిషి జ్వరంతో ఉండి పొంతన లేకుండా మాట్లాడుతున్నాడంటే అది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. మెదడుకు ఎక్కిన మలేరియా కావొచ్చు, గంటలు కూడా ముఖ్యమే. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావడం జరగొచ్చు. "మంచిదే కదా, మానేశాడు" అని ఇంట్లో పెట్టుకుంటే ప్రాణం పోవచ్చు.

ఎవరు, ఏ ఊరు, ఏ భాష

"ట్రైబల్" అని ఒకే పెట్టెలో పెట్టేయడం మొదటి తప్పు. ఆదిలాబాద్ గోండుల దేవుళ్లు వేరు, ములుగు, భద్రాచలం కోయల వేల్పులు వేరు. కొలాముల భాష కొలామీ. చెంచుల ఇంటి భాష తెలుగే. పాడేరు, అరకు వైపు బగత, కొండదొర, కోటియా, కోందు పక్కపక్క ఊళ్లలో ఉంటారు గానీ అందరి మాటా ఒకటి కాదు. లంబాడీల గోర్ బోలి ఈ కొండ భాషల్లో దేనికీ దగ్గరగా ఉండదు.

మొదటి పరిచయంలో ఫారం తీయొద్దు. ఊరేది, ఇంటిపేరేది, ఇంట్లో ఏం మాట్లాడతారు, ఇక్కడ మీవాళ్లు ఇంకెవరున్నారు అని అడగండి. గోండుల్లో ఇంటిపేరు తెలిస్తే వాళ్లు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగల్లో (వంశ శాఖల్లో) ఎవరో తెలుస్తుంది. ఇది ముచ్చట కోసం అడిగేది కాదు. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లతో సమానం, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. అలాంటి ప్రేమలో చిక్కుకున్న అమ్మాయికి "ఈ వయసులో మామూలే, ఇంట్లో మెల్లగా ఒప్పించు" అని కౌన్సెలర్ చెబితే, ఆమె రెండోసారి రాదు. తన బాధ ఎంత పెద్దదో అవతలి మనిషికి అర్థమే కాలేదని ఆమెకు తెలిసిపోతుంది.

ఇంకో విషయం కూడా తెలుసుకుని ఉండాలి. 1976 చట్టంతో తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలో చేరారు, దాని మీద ఆదివాసీ సంఘాలకూ లంబాడీ సంఘాలకూ మధ్య గొడవ ఇప్పటికీ నడుస్తోంది. మీ పని అందులో తీర్పు చెప్పడం కాదు. కానీ గోండు విద్యార్థికీ లంబాడీ విద్యార్థికీ కలిపి ఒకే గ్రూపు కౌన్సెలింగ్ పెట్టేముందు ఇద్దరినీ విడివిడిగా అడగండి. లంబాడీ వలంటీర్‌ను "మీరూ ట్రైబలే కదా" అని కోయ కుటుంబానికి దుబాసీగా పంపొద్దు. ఆ తప్పు నేను చేశాను. ఆ పూట మాటలన్నీ మర్యాదగానే సాగాయి, అసలు విషయం మాత్రం ఎవరి నోటా రాలేదు.

అవసరం రాకముందే ఆసుపత్రికి ఒకసారి వెళ్లి రండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఖాళీగా ఉన్న రోజు చూసుకుని, పేషెంట్ లేకుండా, మీరే వెళ్లండి. ఓపీ చీటీ ఎన్ని గంటలకు ఆపేస్తారు? సైకియాట్రీ ఏ అంతస్తు? మందులిచ్చే కిటికీ ఎక్కడ? పదిహేను రోజులకిస్తారా, నెలకిస్తారా? సోషల్ వర్కర్ ఉన్నారా, ఏ వారాల్లో ఉంటారు? ఆ సమాధానాలు చిన్న పుస్తకంలో రాసుకోండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉంది, మంచి డాక్టర్లున్నారు. చిక్కల్లా ఆ పేరుతోనే. మన దగ్గర "ఎర్రగడ్డకు పంపాలి" అన్నది తిట్టు. హాస్టల్లో ఒకసారి ఆ మాట పుట్టిందంటే కుర్రాడికి అదే పేరైపోతుంది. ఆందోళన, దిగులు, నిద్రలేమి లాంటి వాటికి మొదటిసారి గాంధీలోనో ఉస్మానియాలోనో జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లడం మేలు. అక్కడ నడుం నొప్పివాడూ జ్వరమొచ్చినవాడూ కూడా లైన్లో ఉంటారు. విశాఖలో అయితే మానసిక వైద్యశాల కంటే ముందు కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్). జబ్బు తీవ్రంగా ఉంటే మాత్రం పేరు చూసి ఆగొద్దు.

ఇంటి దగ్గరి ఆసుపత్రి కూడా మీ జాబితాలో ఉండాలి. ఆదిలాబాద్ రిమ్స్‌లో సైకియాట్రీ ఉంది. చాలామంది రోగుల దారి హైదరాబాద్‌లో మొదలై ఊళ్లో తేలుతుంది.

డబ్బు గురించి కూడా ఇక్కడే ఆలోచించండి. మందులు ఉచితమే కావొచ్చు. ఆటో చార్జీ, మధ్యాహ్నం భోజనం, తోడొచ్చిన అన్న పోగొట్టుకున్న రోజు కూలీ ఉచితం కావు. రెండో విడతకు రాకపోవడానికి "అవగాహన లేదు" అని మనం రాసేసుకునే కేసుల్లో చాలావాటికి కారణం ఆ కూలీ డబ్బులే. చిన్న నిధి ఒకటి పక్కన పెట్టుకోండి. బ్యానర్లకు పెట్టే ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

భాషకు తోడు

పేషెంట్ తెలుగు బాగానే మాట్లాడుతున్నాడని దుబాసీ అక్కర్లేదనుకోవద్దు. బస్సులో, బడిలో నేర్చుకున్న తెలుగుతో పరీక్ష రాయొచ్చు, బిల్డింగ్ పని చేయొచ్చు. చనిపోయిన చెల్లెలి గురించి చెప్పాలంటే ఆ తెలుగు చాలదు.

ఎవరిని పెట్టుకోవాలి? నర్సింగ్ చదివే గోండు అమ్మాయి, బీఎడ్ చేస్తున్న కోయ అబ్బాయి, ఆశా కార్యకర్తగా చేసి నగరానికొచ్చిన ఆవిడ, ఇలాంటివాళ్లు దొరుకుతారు. పేషెంట్ పిల్లల్ని, భర్తని, అదే ఊరి రూమ్మేట్‌ని మాత్రం పెట్టొద్దు. దుబాసీని ఎంచాక పేషెంట్‌కి పేరు చెప్పి "ఈయన ఫర్వాలేదా?" అని అడగండి. వద్దంటే కారణం అడగొద్దు.

దుబాసీకి ముందే మూడు మాటలు చెప్పాలి. ఒకటి, అన్నది అన్నట్టు చెప్పాలి, కుదించకూడదు. పేషెంట్ అయిదు నిమిషాలు మాట్లాడాక "నిద్ర పట్టట్లేదట సార్" అని ఒక్క ముక్కలో తేలిస్తే డాక్టర్‌కి ఏమీ అందదు. రెండు, తెలుగులో సరైన మాట లేకపోతే ఆ భాష మాటనే చెప్పి వివరించాలి. మూడు, విన్నది అక్కడే వదిలేయాలి. పని అయ్యాక అతనితో పది నిమిషాలు కూర్చోండి. తన ఊరి కష్టాన్నే ఇంకొకరి నోట విని అతనూ కుంగిపోతాడు. ఇంకా, డబ్బులివ్వండి. "మీవాళ్ల కోసమే కదా" అని ఉచితంగా చేయించుకోవడం నాకు నచ్చదు.

ఏ మాటతో అడగాలి

"మీకు డిప్రెషన్ ఉందా?" అంటే లేదనే అంటారు. ఆదిలాబాద్, వరంగల్ వైపు వాళ్లను "రంది పెట్టుకున్నవా?" అని అడిగి చూడండి. భయాన్ని అక్కడ "బుగులు" అంటారు. "పరేషాన్ ఉంది" అన్నది హైదరాబాద్ అడ్డా మీద కూలీ నోట సహజంగా వచ్చే మాట. విశాఖ వైపు "బెంగ" అంటే ఇంటి మీద ధ్యాస అని వెంటనే తెలుస్తుంది. చాలామందికి మొదట బాధపడేది శరీరం: తలంతా బరువు, గుండె దడ, ఒళ్లంతా మంట, కాళ్లు లాగడం. దాన్ని కొట్టిపారేయకండి, అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఆసుపత్రివాళ్లు ప్రశ్నల పట్టిక నింపి మార్కులు లెక్కేస్తారు. ఆ పట్టికలో తెలుగు పుస్తకం తెలుగు. "ఆసక్తి, ఆనందం తగ్గాయా" బదులు "డప్పు వినబడితే లేచి వెళ్లాలనిపిస్తోందా, లేదా?" అని ఒక దుబాసీ అడగడం విన్నాను. దానికి వచ్చిన జవాబు డాక్టర్‌కి పట్టిక మొత్తం కంటే ఎక్కువ ఉపయోగపడింది.

మానసికం అని తేల్చేముందు రక్త పరీక్షలు అడగండి. రక్తహీనత, థైరాయిడ్ దిగులులాగే కనబడతాయి. పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ ఆదివాసుల్లో ఎక్కువ. అది ఉన్న పిల్లలు ఒళ్లు నొప్పులతో, నీరసంతో మూలన పడుకుంటే బద్ధకమనో డిప్రెషనో అనేస్తారు. సికిల్ సెల్ నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ మిషన్ మొదలైంది, పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో చేయించొచ్చు. టీబీ మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, వాటిలో కొన్ని మనసు మీద పనిచేస్తాయి.

మాత్రా, పూజా

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే విలువైనదీ ఇదే.

గోండు గూడెంలో ఊరి పూజలు చూసే దేవారి ఉంటాడు, వంశం దేవుడి పనులు చూసే కటోడా ఉంటాడు. పాడేరు కొండల్లో ముహూర్తం పెట్టేదీ, కీడు చూసేదీ దిసారి. లంబాడీ తండాలో నాయక్, కారోబారి లేకుండా పెద్ద నిర్ణయం జరగదు. మనసు చెదిరిన మనిషిని వీళ్ల దగ్గరికి తీసుకెళ్తే వీళ్లు ఏం చేస్తారో ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. ఏ దేవుణ్ని మర్చిపోయారు, చనిపోయినవాళ్లకు చేయాల్సింది చేశారా, ఎవరితో మాట పట్టింపు వచ్చింది అని అడుగుతారు. దూరమైన చుట్టాలను ఒకచోట కూర్చోబెడతారు. నగరంలో పని వదిలి తండ్రి చావుకు అందుకోలేకపోయిన కొడుక్కి ఆ పూజ ఇచ్చే ఊరట ఏ మాత్రా ఇవ్వదు. అదే కొడుకు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా ఎవరో తనను చంపడానికి వస్తున్నారని పరిగెడుతుంటే, ఆ నిద్ర తెప్పించేది మాత్రే.

కాబట్టి "మూఢనమ్మకాలు వదిలేయండి" అనొద్దు. "డాక్టర్ దగ్గరికెందుకు, మన పద్ధతే గొప్పది" అని పులకరించిపోవద్దు కూడా, రెండోది ఈ మధ్య చదువుకున్నవాళ్లలో ఎక్కువైంది. కెనడాలో మిగ్‌మా జాతి పెద్దలు ఆల్బర్ట్ మార్షల్, మర్డీనా మార్షల్ దీనికి "రెండు కళ్ల చూపు" అని పేరు పెట్టారు: ఒక కన్ను తమ జాతి జ్ఞానానిది, ఇంకోటి పాశ్చాత్య శాస్త్రానిది, రెండూ తెరిచి చూడాలి. మాట బాగుంది. దాన్ని మన ఓపీ లైన్‌లో ఆచరణలో పెట్టడమెలాగో మనమే వెతుక్కోవాలి.

నేను చేసేది ఇది. మొదట పేషెంట్‌నే అడుగుతాను: "ఊళ్లో ఏమైనా చేయించాలనుందా? ఎవరితో?" నగరంలో పెరిగిన పిల్లలకు, చర్చికి వెళ్లే కుటుంబాలకు అది అసలు అక్కర్లేకపోవచ్చు. ఆదివాసీ కదా అని పూజ అంటగట్టడమూ ఒక రకం చిన్నచూపే. కావాలంటే, ఆ పెద్దమనిషికి ఫోన్ చేసి పరిచయం చేసుకుంటాను. "డాక్టర్ మాత్రలిచ్చాడు, మీరు చేసేది మీరు చేయండి, మాత్రలు మాత్రం ఆపించొద్దు" అని చెబుతాను. ఇలా గౌరవంగా అడిగితే కాదన్నవాళ్లు నాకు తక్కువే తగిలారు. డాక్టర్‌కీ పూజ తేదీ చెబుతాను. ఎందుకంటే రెంటికీ చిక్కుపడే చోట్లు నిజంగానే ఉన్నాయి.

తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్ర వాడే మనిషి పూజలో ఇప్పసారా ఒక్క గుక్క తాగినా వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. మాత్ర ఆపిన రెండు వారాల వరకూ ఆ ప్రమాదం ఉంటుంది. ముందే చెబితే పెద్దమనిషి సారాను నేల మీద ధార పోసి, ఇతని నోటికి తగలకుండా చూస్తాడు. దేవుడికి ఇచ్చినట్టూ ఉంటుంది, మనిషికి ఇబ్బందీ ఉండదు. అలాగే మనసు ఉద్రేకానికీ దిగులుకీ మధ్య ఊగే జబ్బుకు ఇచ్చే లిథియం. అది వాడేవాళ్లకు ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే మందు విషమవుతుంది. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్ల కోసం హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా రోజుల తరబడి నడుస్తారు. లిథియం మీద ఉన్న మెస్రం కుర్రాడు ఆ నడకకు వెళ్తానంటే వెళ్లొద్దనకండి. డాక్టర్‌తో ముందే మాట్లాడించి, దారిలో నీళ్లు, ఉప్పు, అన్నం సంగతి చూసే అన్నను ఒకరిని వెంట పెట్టండి.

ఒప్పుకోకూడనివి కూడా స్పష్టంగా తెలిసి ఉండాలి. కొట్టడం, వాతలు పెట్టడం, గొలుసులతో కట్టేయడం, వేలకు వేలు గుంజడం. వీటన్నిటికంటే ప్రమాదం, "ఫలానా ఆవిడ చేసిందే ఇదంతా" అని ఒక మనిషిని చూపించడం. చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన ఊళ్లు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ మాట వినబడ్డ నిమిషాన పూజ సంగతి పక్కన పెట్టి, ఊరి పెద్దలతో మాట్లాడండి, ఆ ఆవిడకు ముప్పు ఉంటే పోలీసులకు చెప్పండి.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. ఒకసారి ఒక పెద్దమనిషిని హైదరాబాద్ రప్పించి, మా ఆఫీసు హాల్లో పూజ చేయించాలనుకున్నాం. ఫొటోలకు కెమెరా కూడా సిద్ధం. ఆయన టీ తాగి, హాలు చుట్టూ చూసి, "దేవుడు ఊళ్లో ఉంటే నన్ను ఇక్కడికి పిలిచి ఏం చేస్తరు?" అన్నారు. తిరుగు టికెట్ తీసి పంపించాం. పేషెంట్‌ను ఊరికి పంపడానికి అయ్యే బస్సు చార్జీ అంతకంటే తక్కువే.

క్యాలెండర్ ఒకటి గోడకు పెట్టుకోండి

ఆసుపత్రి తేదీలు ఒకవైపు, ఊరి తేదీలు ఇంకోవైపు రాయండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా. రెండేళ్లకోసారి మాఘంలో మేడారం. దీపావళికి దండారి, గుస్సాడీ. చైత్రంలో పాడేరు వైపు ఇటుకల పండుగ. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి, వర్షాకాలంలో తీజ్. ఆ రోజుల్లో ఇచ్చిన అపాయింట్‌మెంట్‌కు ఎవరూ రారు. రాలేదని పేరు కొట్టేయడం కంటే తేదీ ముందే మార్పించడం తేలిక. ఊరెళ్లేముందు మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్కపెట్టి, తక్కువైతే అదనంగా రాయించండి. మందు ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే జబ్బు తిరగబెడుతుంది, "జాతర నుంచి వచ్చాక మళ్లీ గాలి పట్టింది" అని పేరు మాత్రం జాతరకొస్తుంది.

పని రోజులు కూడా రాసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, వేసవిలో తునికాకు, ఆ తర్వాత విత్తనాలు, చలికాలంలో పత్తి ఏరడం. తునికాకు కోతలో తల్లిని నగరానికి రమ్మంటే రాలేదు. కొడుకు మీద ప్రేమ లేక కాదు, ఏడాది మొత్తంలో చేతికి నగదు వచ్చే రోజులు అవే.

కాగితాలు

చట్టం గురించి క్లుప్తంగా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మీకు పనికొచ్చేవి కొన్నే. పేదరికంలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఖర్చు లేకుండా వైద్యం చేయాలి, తెల్ల కార్డు చేతిలో లేకపోయినా సరే (సెక్షన్ 18). కార్డు ఊళ్లో ఉండిపోయిందని వెనక్కి పంపితే ఈ సెక్షన్ చూపించండి. తన తరఫున ఎవరు మాట్లాడాలో పేషెంటే తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేయొచ్చు (సెక్షన్ 14). బాగున్న రోజుల్లోనే ఇది రాయించండి, లేకపోతే గొడవపడ్డ అన్న వచ్చి నిర్ణయాలు తీసుకుంటాడు. ఫలానా తెగవాడనో, ఫలానా నమ్మకాలున్నాయనో మనిషికి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదని కూడా అదే చట్టం చెబుతోంది (సెక్షన్ 3). దేవుడు ఒంటి మీదికి రావడాన్ని జబ్బుగా రాసే తొందర ఉన్న కొత్త డాక్టర్లకు ఇది మెల్లగా గుర్తుచేయొచ్చు.

విశాఖపట్నంలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్‌ను పెట్టుకోవాలి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఆ మాట మీద యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. వకీలు కావాల్సి వస్తే ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, నంబర్ 15100.

ఆసుపత్రి కాని చోటు ఒకటి

అమెరికాలో 1950ల్లో ప్రభుత్వం ఆదివాసులను రిజర్వేషన్ల (వాళ్లకు కేటాయించిన ప్రాంతాల) నుంచి నగరాలకు తరలించే కార్యక్రమం పెట్టినప్పుడు, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో 1955లో ఇంటర్‌ట్రైబల్ ఫ్రెండ్‌షిప్ హౌస్ పుట్టింది. నగరంలో దారి తెలియని వేర్వేరు తెగలవాళ్లు అక్కడ కలిసి తినేవాళ్లు, డ్రమ్ము వాయించుకునేవాళ్లు, పని గురించి చెప్పుకునేవాళ్లు. వైద్యం మాట పెద్ద పెట్టున వినబడని అలాంటి చోటే మనుషుల్ని పడిపోకుండా పట్టుకుంటుంది.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో కుమురం భీం ఆదివాసీ భవన్, సంత్ సేవాలాల్ బంజారా భవన్ 2022 సెప్టెంబర్ 17న తెరుచుకున్నాయి. అక్కడ హాలు అడగొచ్చు. దొరక్కపోతే యూనివర్సిటీలో చెట్టు కింద చాలు. నెలకో ఆదివారం. జొన్న గటక వండేవాళ్లు ఉంటే ఇంకా మంచిది. "మానసిక ఆరోగ్య అవగాహన సదస్సు" అని బ్యానర్ కట్టారంటే వచ్చేది మీరూ, మైకువాడూ. డప్పో, డోలో, కిక్రీయో తెచ్చే మనిషి ఒకరుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. రెండు నెలలుగా కనబడని పిల్ల ఎవరో అక్కడే తెలుస్తుంది, గిన్నెలు కడిగే దగ్గర ఒకరు "అన్నా, ఒక మాట" అని పక్కకు పిలుస్తారు.

పుస్తకం, ఫోను

ఒక్కో మనిషికి ఒక పేజీ చాలు: భాష, తోడు ఎవరు, మందులు ఎప్పటిదాకా, తర్వాతి తేదీ, ఊళ్లో ఎవరికి చెప్పొచ్చు, ఎవరికి చెప్పకూడదు. ఆఖరిది పేషెంట్ నోటితోనే చెప్పించి రాయండి. వాట్సాప్ గ్రూపుల్లో పేరు, ఫొటో, చీటీ ఏదీ పెట్టొద్దు. నగరంలో ఒక తెగవాళ్లు ఎంతమంది ఉంటారు, "ఉట్నూరు అమ్మాయి, నర్సింగ్ రెండో ఏడాది" అంటే చాలు, పేరు చెప్పినట్టే.

మనిషి నగరం వదిలి ఊరికి వెళ్లిపోతున్నప్పుడు మీ పని సగమే అయింది. చీటీల జిరాక్సు ఒక కవర్‌లో పెట్టి చేతికివ్వండి. రిమ్స్‌లోనో దగ్గరి ఏరియా ఆసుపత్రిలోనో ఎవరిని కలవాలో తెలుగులో ఒక కాగితం మీద రాయండి. అక్కడి ఆశా కార్యకర్తకు, పేషెంట్ ఒప్పుకుంటేనే, ఫోన్ చేసి చెప్పండి. బస్సెక్కిన మర్నాడు ఒకసారి, పదిహేను రోజులకు ఒకసారి, మందులు అయిపోయే వారంలో ఇంకోసారి ఫోన్ చేయండి. గూడెంలో సిగ్నల్ దొరకని ఇల్లైతే, సంతకు వచ్చే రోజు ఏదో ముందే అడిగి రాసుకోండి, ఆ రోజు దొరుకుతారు.